కొత్త పెట్టెలో పాత ఆట

పాత బియ్యానికీ, పాత చింతపండుకీ, పాత బెల్లానికీ మన ఇళ్ళలో వున్న మర్యాద పాత యంత్రాలకి లేదు. రేడియో పాడైతే అటక ఎక్కుతుంది. టీవీ పాతబడితే ఏ దసరాకో కొత్తదాని ధరలో వెయ్యి రూపాయలు తగ్గించుకుని కొట్టువాడి చేతిలో పెట్టి వస్తాం. మిక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అటువంటిది, నలభై యేళ్ళ కిందటి వీడియో గేమ్ పెట్టెని ఎవరో పనిగట్టుకుని మళ్ళీ తయారుచేస్తున్నారనీ, దాన్ని ఇప్పటి గోడంత టీవీలకి తగిలించుకోవచ్చుననీ, అందుకోసం జుట్టు నెరిసిన పెద్దమనుషులు ముందుగా డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూస్తారనీ మా తమ్ముడు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. సియాటిల్‌లో వుంటాడు. ఆ పెట్టెలు చేసే కంపెనీల్లో పేరుపడ్డ అనలాగ్ అనేది కూడా ఆ వూరిదే. వాడు ఈ విషయం ఎత్తితే ఇక ఆపడు. వాడి భార్య లేచి వంటింట్లోకి పోతుంది. నేను మాత్రం విన్నాను. తెలుగు ఎమ్మే చదివి, డిగ్రీ పిల్లలకి ప్రబంధాలు చెప్పుకునేదానికి ఈ గొడవ ఎందుకమ్మా అంటారేమో! వినగా వినగా ఇది నాకు తెలిసిన విద్యలాగే కనిపించింది. ఎలాగో చెబుతాను. ముందు అసలు పెట్టె సంగతి చూద్దాం.

1983 జూలై 15న జపానులో నింటెండో వారు ఫామికామ్ అనే పెట్టెని బజార్లో పెట్టారు. దాన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. ఆయన 2021లో పోయారు. తెలుపు, ఎరుపు రంగుల ప్లాస్టిక్ పెట్టె. దాని మెదడు 6502 అనే చిప్పుకి తోబుట్టువు. ఆ 6502ని అమెరికాలో చక్ పెడిల్, ఆయన బృందం తయారుచేసి 1975లో 25 డాలర్లకే అమ్మి అప్పటి కంపెనీలన్నిటినీ హడలగొట్టారు. దానిలో వున్నవి సుమారు మూడున్నర వేల ట్రాన్సిస్టర్లు. ఇప్పుడు మీ చేతిలో వున్న ఫోనులో వాటిని కోట్లలో లెక్కపెట్టాలి. ఆ పెట్టెకి పని చేసుకోవడానికి వున్న జ్ఞాపకశక్తి 2,048 బైట్లు. అంటే నేను ఇప్పటిదాకా రాసిన ఈ రెండు మూడు పేరాలైనా దానిలో పట్టవు. అందరూ ఎరిగిన మేరియో ఆట, 1985 నాటిది, మొత్తం కలిపి 40 కిలోబైట్లు. పొద్దున్నే మా మేనత్త పంపే శుభోదయం బొమ్మ అంతకన్న ఎక్కువ చోటు పడుతుంది.

ఆ ఇరుకులో వాళ్ళు చేసిన పొదుపు చూస్తే మన పాతకాలపు గృహిణులు గుర్తొస్తారు. మేరియో ఆటలో ఆకాశంలో మేఘాలుంటాయి, నేలమీద పొదలుంటాయి. రెండూ ఒకటే బొమ్మ. తెల్లరంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. మా పిల్లలకి శ్లేష చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకున్నాను. రాఘవపాండవీయం కన్న తొందరగా అర్థమయింది వాళ్ళకి!

మన దేశానికి వచ్చినవి మాత్రం ఆ పెట్టెలు కావు. వాటి నకళ్ళు. తైవానులో ఆ చిప్పుల్ని చూసి చిప్పులు పోశారు, ఆ పెట్టెని చూసి పెట్టెలు పోశారు. ఒక్కొక్క వూళ్ళో ఒక్కొక్క పేరు. మూత విప్పితే లోపల నల్లటి తారుచుక్కలాంటిది వుండేది. ఆ చుక్క కింద ఏ చిప్పు వుందో చూడనివ్వరు. ఆటలు వుండే బిళ్ళని కార్ట్రిడ్జ్ అనాలట. మనం అన్నది క్యాసెట్టు. అట్టమీద 9,999 ఆటలు అని వుంటుంది. ఆడుతూ పోతే ఇరవయ్యో, ముప్ఫయ్యో. తరవాతవన్నీ అవే మళ్ళీ, పేరు మార్చుకుని. మా తాతగారి పెట్టెలోని శతకాల మాదిరి, మకుటం ఒక్కటే తేడా.

మా బాబాయికి తెనాలిలో రేడియో, టీవీ రిపేరు షాపు వుండేది. 1990ల్లో మాకు సెలవులు అక్కడే. రిపేరు అయిన టీవీని ఇచ్చేసేముందు నాలుగైదు గంటలు నడిపి చూడాలి. దూరదర్శన్‌లో బొమ్మ పగలు వుండీ లేక వుండేది. అంచేత బాబాయి ఒక గేమ్ పెట్టె కొని బల్లమీద పెట్టాడు. దాన్ని టీవీకి తగిలించి మమ్మల్ని ఆడమనేవాడు. మేము ఆడుతున్నంతసేపూ ఆయన బొమ్మకేసి చూస్తుండేవాడు. రంగు కలుస్తోందా, అంచు వంగుతోందా, వేడెక్కిన తరవాత బొమ్మ ముడుచుకుంటోందా అని. మాకు ఆట, ఆయనకి పరీక్ష. "ఆడపిల్ల, షాపులో కూచుని ఆ తుపాకీ ఏమిటే?" అని నాయనమ్మ కేకలేసేది. "అది కాలిస్తేనేగాని టీవీ బాగయిందో లేదో తెలియదమ్మా" అని బాబాయి సర్దేవాడు. ఆ విధంగా మా తమ్ముడి కన్న నేనే ఎక్కువ బాతుల్ని కొట్టాను.

ఆ బాతుల తుపాకీ ఇప్పటి టీవీల ముందు పనిచెయ్యదు. ఎందుకో చెబితే మొత్తం సమస్య అర్థమవుతుంది. మీరు మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. వెంటనే బాతు వున్నచోట మాత్రం తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలో వున్న కన్ను ఆ వెలుగుని చూస్తే బాతు పడ్డట్టు. ఇది జరగాలంటే పెట్టె పంపిన బొమ్మ అదే క్షణంలో తెరమీద వుండాలి. పిక్చర్ ట్యూబులో అలాగే వుండేది. వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార గీత తరవాత గీత గీసుకుంటూ పోతుంది. వచ్చింది వచ్చినట్టు గీయడమే, దాచుకునే ఆలోచన దానికి లేదు. ఇప్పటి టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మని ముందు లోపలికి తీసుకుంటుంది, కొలతలు చూస్తుంది, నునుపు చేస్తుంది, రంగు దిద్దుతుంది, అప్పుడు చూపిస్తుంది. పెళ్ళివారి ముందుకి పిల్లని పంపినట్టు! ఈ ముస్తాబు పూర్తయ్యేసరికి బాతు ఎగిరిపోతుంది. మేరియో గోతి అంచున దూకవలసిన క్షణం కూడా అలాగే జారిపోతుంది. సెకనుకి 60 బొమ్మలు నడిచే ఆటలో మూడు నాలుగు బొమ్మల ఆలస్యం అంటే చేతికీ కంటికీ చుట్టరికం తెగిపోవడమే.

ఇక లెక్క కూడా కుదరదు. ఫామికామ్ బొమ్మకి నిలువున వుండేవి 240 గీతలు. ఇప్పటి హైడెఫినిషన్ టీవీకి 1,080. భాగించి చూడండి, నాలుగున్నర వస్తుంది. ఒక చుక్కని నాలుగున్నర చుక్కలుగా ఎలా చేస్తారు? ఒక గీత లావు, ఒక గీత సన్నం అవుతుంది, లేదా అంతా అలుక్కుపోతుంది. 720 గీతల టీవీ అయితే సరిగ్గా మూడు రెట్లు, 4కే టీవీకి వుండే 2,160 అయితే సరిగ్గా తొమ్మిది. మధ్యదానికే ఈ తంటా. పైగా పాత టీవీ కొంచెం వెడల్పైన పలక, కొత్తది బాగా సాగిన పలక. పాత పెట్టెని తెచ్చి నేరుగా కొత్త టీవీకి తగిలిస్తే మేరియోకి వొళ్ళొచ్చి, పెళ్ళయిన పదేళ్ళకి కనిపించిన కాలేజీ స్నేహితుడిలా వుంటాడు.

ఈ చిక్కులన్నిటికీ మందుగా పుట్టినవే ఆ కొత్త పెట్టెలు. అసలు యంత్రాన్ని మళ్ళీ పుట్టించాలి, అది పంపే బొమ్మని కొత్త టీవీ భాషలో, ఆలస్యం లేకుండా, లెక్క తప్పకుండా చెప్పించాలి. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది ఎమ్యులేటర్. ఒక మామూలు కంప్యూటరు, ఫామికామ్ ఎలా నడిచేదో ఒక్కొక్క ఆజ్ఞా చదువుకుంటూ నటిస్తుంది. నింటెండో వారే 2016లో 30 ఆటలు లోపలే పెట్టి అమ్మిన చిన్న పెట్టె ఇటువంటిదే. రెండోది ఎఫ్‌పీజీఏ అనే చిప్పుతో చేసేది. పూర్తిపేరు ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అరే. రాస్ ఫ్రీమన్ ప్రభృతులు స్థాపించిన జైలింక్స్ కంపెనీ 1985లో మొట్టమొదటిదాన్ని అమ్మకానికి పెట్టింది. దానిలో 64 గళ్ళు వుండేవి. ఇప్పటివాటిలో వేలూ లక్షలూ వుంటాయి. ప్రతి గడీ ఒక చిన్న తర్కం చెయ్యగలదు. ఏ గడిని దేనితో కలపాలో మనం రాసి ఇవ్వవచ్చు. రాసినదాన్నిబట్టి ఆ చిప్పు ఆ పూటకి మరో చిప్పు అయిపోతుంది. పొద్దున ఫామికామ్, సాయంత్రం సెగా.

ఈ రెండిటికీ తేడా ఏమిట్రా అని తమ్ముణ్ణి అడిగితే ఇంగ్లీషులో పావుగంట చెప్పాడు. నాకు తోచిన తేడా ఇది. ఎమ్యులేటర్ హరికథ. దాసుగారు ఒక్కరే. రాముడూ ఆయనే, రావణుడూ ఆయనే, మధ్యలో పిట్టకథా ఆయనే. ఒకరి తరవాత ఒకరుగా చెప్పుకొస్తారు. గొప్ప దాసుగారైతే యుద్ధమంతా కళ్ళకి కట్టిస్తారు కూడా. ఎఫ్‌పీజీఏ నాటకం. రాముడు ఒక మూల, రావణుడు ఒక మూల, తెరవెనక హార్మోనియం, అందరూ ఒకేసారి తమ పని తాము చేస్తుంటారు. పాత పెట్టెలో మెదడు చిప్పు, బొమ్మ చిప్పు, శబ్దం, అన్నీ ఒకే తాళానికి ఏకకాలంలో నడిచేవి. నాటకంలో ఆ ఏకకాలం దానంతట అది వస్తుంది. హరికథలో దాసుగారు కష్టపడి తేవాలి. ఇంత చెప్పినా ఒక మాట. ఎఫ్‌పీజీఏ అనగానే అదే అసలు, మిగతావన్నీ నకిలీ అని వాదించే భక్తులున్నారు. అది సరికాదు. కథ తెలియని నాటక సమాజం కన్న కథ తెలిసిన దాసుగారు నయం.

కథ తెలియడం అంటే ఇక్కడ చిన్న పని కాదు. చిప్పు లోపల ఏముందో కంపెనీ చెప్పదు. 2010 ప్రాంతాల విజువల్ 6502 అనే పేరుతో కొందరు పాత చిప్పు పైకప్పు కరిగించి, లోపలి రాతిపలకని సూక్ష్మదర్శిని కింద ఫొటోలు తీసి, ఒక్కొక్క ట్రాన్సిస్టరూ గుర్తించి లెక్కకట్టారు. కెవిన్ హోర్టన్ అనే ఆయన ఏళ్ళ తరబడి పాత పెట్టెల నాడి పట్టుకు చూసి వాటి నడకని ఎఫ్‌పీజీఏ చిప్పుల్లోకి దించాడు. అనలాగ్ వారి పెట్టెలు ఆయన పనిమీదే పైకొచ్చాయి. వాళ్ళు మొదట 2015లో చేసిన పెట్టెలో పాత ఫామికామ్‌ల నుంచి ఊడదీసిన అసలు చిప్పులే పెట్టారు. కొత్త మండపం కోసం పాతగుడి స్తంభాలు పీకినట్టు. నాకు ఆ పని నచ్చలేదు. 2017లో వచ్చిన రెండో పెట్టె నుంచి ఆ అవసరం లేకపోయింది. 2018లో సూపర్ నింటెండోకి, 2019లో సెగా మెగాడ్రైవ్‌కి, అలా ఒక్కొక్క పాతపెట్టెకీ ఒక కొత్త జన్మ ఇచ్చుకుంటూ, 2025లో నింటెండో 64కి 4కే టీవీల కోసం ఒకటి తెచ్చారు. పాత క్యాసెట్టు తెచ్చి దూర్చాలి, అదే వాటి షరతు. 2018 నాటిది 190 డాలర్లు. నేను రూపాయల్లోకి మార్చి చెబితే మా వారు "ఆ డబ్బుతో కాశీ వెళ్ళి రావచ్చు" అన్నారు. ఇంతవరకూ ఆ డబ్బుతో ఏదీ కొనలేదు, కాశీకీ వెళ్ళలేదు.

మా తమ్ముడు పోయిన సంక్రాంతికి తెచ్చింది ఆ ఖరీదైన పెట్టె కాదు. మిస్టర్ అని ఇంకొకటుంది. అలెక్సీ మెల్నికోవ్ అనే ఆయన 2017లో మొదలుపెట్టిన పని అది. రాసిందంతా అందరికీ బహిరంగం. ఎవరైనా చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. విద్యార్థుల ప్రయోగాలకని తైవాను కంపెనీ అమ్మే అరచేతి పలక ఒకటి తెచ్చుకుని, ఈ రాతని దానిలో నింపుకోవాలి. నకలు పెట్టెల పుట్టినిల్లయిన తైవానే దీనికీ పలక పంపడం ఒక చిత్రం. క్యాసెట్టు దూర్చడానికి దీనిలో చోటు లేదు. ఆట చిప్పులోని సరుకుని కార్డులోకి ఎక్కించుకోవాలి. అక్కడే చట్టం అడ్డం వస్తుంది. యంత్రం పాతదైనా ఆట మీద హక్కు ఇంకా కంపెనీదే. మా వాడు పాతసామాను దుకాణాల్లో అసలు క్యాసెట్లు కొని, చిన్న పరికరంతో వాటినుంచి తీసుకున్నాడు. ఈ విషయంలో వాడు మడి కట్టుకున్న మనిషి.

ఇదంతా వింటుంటే నాకు బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి, పంక్తి పంక్తికీ పాఠాంతరాలు సరిచూపించి శుద్ధప్రతి రాయించేవాడు. వేమన పద్యాల్ని అలా పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు. పరిష్కర్తకి వుండే ధర్మసంకటం మా పాఠాల్లో చెబుతాం. ప్రతిలో తప్పు కనిపించింది. అది కవి తప్పా, లేఖకుడి తప్పా? కవిదే అయితే దిద్దే అధికారం మనకుందా?

ఈ పెట్టెల వాళ్ళకీ అదే సంకటం. ఫామికామ్ ఒక గీతమీద ఎనిమిది కదిలే బొమ్మల్ని మించి చూపించలేదు. తొమ్మిదోది వస్తే ఒకటి మాయం. అందుకే శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మిణుకు మిణుకుమనేవి. అది యంత్రం బలహీనత. కొత్త చిప్పుకి ఆ బలహీనత లేదు. అయినా పనిగట్టుకుని దాన్ని కూడా రాసి పెడతారు. మిణుకుమనడం వద్దనుకునేవారికి ఒక మీట వేరుగా వుంటుంది. మూలంలో కవిపాఠం, అడుగున పాఠాంతరం. బ్రౌన్ దొర చూస్తే మెచ్చుకునేవాడు.

ఒక్కోచోట తప్పు అనుకున్నదే సొగసు కావడం వుంది. 1991లో సెగావారి సోనిక్ ఆట వచ్చింది. అందులో జలపాతం. ఆ పెట్టెకి పారదర్శకంగా బొమ్మ గీసే శక్తి లేదు. అంచేత చిత్రకారులు నిలువుగీతలు ఒకటి విడిచి ఒకటి గీశారు. పాత టీవీ తీగలో, ట్యూబులో ఆ గీతలు ఒకదానిలోకి ఒకటి కరిగి, వెనక వున్న కొండ కనిపించేలా పల్చటి నీటితెర అయ్యేవి. కొత్త టీవీలో అదే బొమ్మని చుక్క చెదరకుండా చూస్తే నీళ్ళుండవు, కిటికీ ఊచలుంటాయి. సురభివారి నాటకం రాత్రి దీపాల వెలుగులో చూసి, మర్నాడు పొద్దున్నే అదే అర్దళం పూసిన ముఖాన్ని ఎండలో చూడండి. అదీ తేడా. వేషగాడి తప్పు లేదు, ఎండ తప్పూ లేదు. ఏ వెలుగు కోసం వేసిన వేషమో ఆ వెలుగులో చూడాలి.

అంచేత కొత్త పెట్టెల్లో కావాలని బొమ్మని చెడగొట్టే ఏర్పాటు కూడా వుంది. పాత టీవీలో గీతకీ గీతకీ మధ్య వుండే సన్నటి నల్లచార, ట్యూబు మీది రంగుపొడి చుక్కల మసక, ఇవన్నీ లెక్కగట్టి మళ్ళీ కలుపుతారు. ఎన్ని రకాలో! ఫలానా కంపెనీ ట్యూబు, ఫలానా సంవత్సరం అని కూడా ఎంచుకోవచ్చు.

సంక్రాంతి మర్నాడు, కనుమనాడు, తమ్ముడు వాళ్ళింట్లో టీవీకి ఈ పలక తగిలించి ఆ చారలు పెట్టి చూపించాడు. బాబాయి మంచం మీద కూచుని వున్నాడు. ఆయనకి డెబ్బై నాలుగు. 2014లో షాపు మూసేశాడు. మూడేళ్ళ కిందట పిన్ని పోయింది. అప్పటినుంచీ ఆయన మాటలు తగ్గించాడు. తమ్ముడు ఈసారి వచ్చింది ఆయన్ని తనతో తీసుకుపోవాలని. వెళ్ళేముందు ఇల్లు ఖాళీ చెయ్యాలి. ముందుగదినిండా షాపు సామానే. ట్రాన్స్‌ఫార్మర్లు, వైర్ల చుట్టలు, మూత విప్పిన టీవీలు. పాతసామాన్లవాడు వచ్చి కిలోల లెక్కన చెప్పి వెళ్ళాడు. బాబాయి ఔననలేదు, కాదనలేదు.

"ఆ గీతలేమిట్రా?" అన్నాడు బాబాయి చాలాసేపటికి.

"కావాలని పెట్టినవే నాన్నా. పాత టీవీలా వుండాలని."

"గీతలు పడుతున్నాయని జనం నా దగ్గరికి వచ్చేవాళ్ళు. అవి పోగొట్టే కదా నిన్ను చదివించింది! ఇప్పుడు డబ్బిచ్చి పెట్టుకుంటున్నారా?"

మేమిద్దరం నవ్వాం. ఆయన నవ్వలేదు. లేచి టీవీ దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనేలా చూశాడు. "మన పద్నాలుగంగుళాలవాటికి ఇంత చార కనపడేది కాదు. ట్యూబు అంత పదునైనది కాదు. ఇది ఏ స్టూడియో టీవీదో" అన్నాడు. తమ్ముడు పట్టికలో చూస్తే నిజంగానే అది స్టూడియోల్లో వాడే టీవీని అనుకరించేదే. పదకొండేళ్ళుగా ఆ చెయ్యి స్క్రూడ్రైవరు పట్టలేదు. కన్ను మాత్రం షాపు మూయలేదు.

తరవాత మేరియో పాట మొదలయింది. అందరికీ తెలిసిన పాటే. కోజి కోండో కట్టినది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. "తొందరగా పోతోంది" అన్నాడు.

"లేదు నాన్నా. ఇదే అసలు వేగం. జపానులో ఇలాగే వుంటుంది."

"జపాను సంగతి నాకెందుకు? నా బల్లమీద ఇలా పోలేదు."

నాకూ అలాగే అనిపించింది. కాని నేను చదువుకున్నదాన్ని కనక అనుమానం నామీదే వేసుకున్నాను, వయసుతో చెవి మారిందేమోనని. తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు. జపాను, అమెరికా టీవీలు సెకనుకి 60 బొమ్మల లెక్క. మన దేశంలో, యూరప్‌లో వాడిన పాల్ పద్ధతి 50 లెక్క. మనకు వచ్చిన నకలు పెట్టెలు దానికి తగ్గట్టు 50తో నడిచేవి. ఆ ఆటల్లో పాట కూడా బొమ్మల లెక్కమీదే నడుస్తుంది. అంటే ఆరింట ఒక వంతు నెమ్మది. అక్కడ నిమిషంలో అయ్యేది ఇక్కడ నిమిషం పన్నెండు సెకన్లు. మేము సెలవులన్నీ ఆడిన ఆట, నకలుకి వచ్చిన లేఖకదోషం అన్నమాట!

మరి దీన్ని ఏ పరిష్కర్త దిద్దాలి? శుద్ధప్రతి ప్రకారం చూస్తే మా బాల్యమే అపపాఠం. కాని ఆ మిస్టర్ రాసినవాళ్ళు ఈ సంగతి కూడా ఎరుగుదురు. రష్యాలో 1992లో డెండీ అనే పేరుతో ఇటువంటి తైవాను నకలే వచ్చింది. ఒక తరం దానిమీదే పెరిగింది. అంచేత పట్టికలో అమెరికా నడక, యూరప్ నడక అని రెండుంటే, మూడోదిగా డెండీ నడక అని పెట్టారు. నకలు కూడా ఒక పాఠమేనని ఒప్పుకున్నారు. ఇది చూసి నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. లేఖకుడు పాడుచేసిన పాఠమే ఊరంతా పాడుకుంటూ వుంటే దాన్ని అడుగున చిన్న అక్షరాల్లోనైనా వేయాలని నేను మా పండితులతో ఎన్నిసార్లు వాదించానో!

తమ్ముడు ఆ మూడోది నొక్కాడు. పాట నెమ్మదించింది. బాబాయి మంచం పట్టె మీద వేలితో తాళం వేశాడు, రెండు మూడు దరువులు. "ఆఁ, ఇదీ" అన్నాడు. తరవాత, "మీ పిన్ని కాఫీ తెచ్చే వేళకి రోజూ ఇదే మోగేది" అన్నాడు. పిన్ని పోయిన తరవాత ఆయన నోట ఆమె మాట రావడం నేను అదే వినడం. ఎవరం ఏమీ మాట్లాడలేదు. మేరియో గోతిలో పడ్డాడు, అంతే.

ఆ సాయంత్రం బాబాయి ముందుగదిలోకి వెళ్ళి చీకట్లో ఏవో జరిపాడు. పాతసామాన్లవాడికి చెప్పవలసిన పాత టీవీల్లోంచి ఒకటి బయటికి లాగించాడు. షాపు బల్లమీద చివరిదాకా వున్నది అదే. ఆ పలకకి ఇంకో చిన్న ముక్క తగిలిస్తే పాత టీవీకి కూడా బొమ్మ పంపగలదని తమ్ముడు నోరుజారాడు లెండి. ప్లగ్గు పెడితే టిక్కుటిక్కుమని చప్పుడు, బొమ్మ లేదు. "ఎల్లోటీ పోయింది" అన్నాడు బాబాయి, వెనక మూత విప్పకుండానే. ట్యూబుకి ఇరవై వేల వోల్టుల పైచిలుకు అందించే ట్రాన్స్‌ఫార్మర్ అది. మమ్మల్ని చిన్నప్పుడు దాని దరిదాపులకి రానిచ్చేవాడు కాదు. ఇప్పుడూ రానివ్వలేదు. "దూరం, అమ్మడూ, చెయ్యి పెట్టకు" అన్నాడు, నాకు నలభై అయిదేళ్ళని మరిచిపోయి.

తమ్ముడి సెలవు అయిపోయింది. పలకని తండ్రి దగ్గరే వదిలి వెళ్ళాడు. ప్రయాణం మాట వేసవికి వాయిదా పడింది. పాతసామాన్లవాడు రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళాడట. ఆ నంబరు ఎల్లోటీ కొత్తది ఎక్కడా దొరకదు. బాబాయి తన యీడు మెకానిక్కులందరికీ ఫోన్లు చేస్తున్నాడు. కొందరు లేరు. వున్నవాళ్ళతో అరగంట అరగంట మాట్లాడుతున్నాడు. నిన్న రాత్రి నాకు ఫోను చేశాడు. రేపల్లెలో మూతబడ్డ షాపు అటకమీద అటువంటిదే ఒకటి వున్నట్టు తెలిసిందట. మనిషి తోడు లేకుండా బస్సులో వెళ్ళనివ్వరని, ఆదివారం నన్ను రమ్మన్నాడు.

"టార్చిలైటు పట్టుకురా. అటక మీద దీపం వుండదు" అన్నాడు.